సగం రన్‌వే మీద వడ్లు

ఉద్యోగం చేసినన్నాళ్లూ నేను కంగారుపడటానికే జీతం తీసుకున్నాను. విమానాలు దిగే చోట రేడియో ముందు కూర్చునేవాడికి కంగారు ఉండి తీరాలి. అది గొంతులోకి మాత్రం రాకూడదు. ఈ మధ్య ఇదే పనిలో చేరిన కుర్రవాళ్లు, అమ్మాయిలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "సార్, మీరు అన్నిటికంటే ఎక్కువ భయపడ్డ రోజు ఏది?" అని అడుగుతుంటారు. భయపడని రోజేదని అడిగితే జవాబు తొందరగా తేలేది. అయినా వాళ్ల ప్రశ్నకు నా దగ్గర ఒక రోజుంది. ఆ రోజు మా రన్‌వే మీద సగం మేర వడ్లు ఆరబోసి ఉన్నాయి.

నవ్వేవాళ్లు నవ్వండి. మొదటిసారి విన్నప్పుడు మా ఆవిడా నవ్వింది. చివరిదాకా విన్నాక నవ్వలేదు.

తొంభైల చివర్లో సంగతిది. విజయవాడకు దక్షిణాన, డెల్టా పొలాల నడుమ ఒక చిన్న విమాన శిక్షణ కేంద్రం ఉండేది. ఎప్పటిదో పాత రన్‌వే, పక్కన ఒక రేకుల షెడ్డు, డాబా మీద అద్దాల గది ఒకటి. ఆ గదినే మేము దర్జాగా టవర్ అనేవాళ్లం. చుట్టూ కంచె లేదు. ఉన్నది ఒక్కటే విమానం, రెండు సీట్లది. ముక్కు కింద ఒక చక్రం, వెనక రెండు చక్రాలు. పెద్ద విమానాల్లోలాగా ఆ చక్రాలు కడుపులోకి ముడుచుకునేవి కావు, ఎప్పుడూ కిందే ఉండేవి. అందుకే మా ఇంజనీరు, "గురూగారూ, మీరు బెంగ పెట్టుకోనక్కర్లేనివి ఈ చక్రాలొక్కటే, అవెప్పుడూ దిగే ఉంటాయి" అని నన్ను ఆటపట్టించేవాడు. ఆయన విజయవాడ వన్‌టౌన్‌లో తాళాలు బాగుచేసే సాయిబుగారి అబ్బాయి. చేతిలో స్పానర్ లేకపోతే ఆయనకు మాట తోచేది కాదు.

ఇన్‌స్ట్రక్టరుగారు వాయుసేనలో రిటైరై వచ్చినవారు. ఇల్లు గుణదలలో. ఏటా మేరీమాత తిరునాళ్లకు కాలినడకన కొండెక్కడానికి తప్ప సెలవు పెట్టి ఎరగరు. చొక్కా ఇస్త్రీ సాయంత్రందాకా నలిగేది కాదు. రేడియోలో ఇంగ్లీషు తప్ప వినపడకూడదనీ, అందులోనూ అవసరం లేని మాట ఒక్కటి కూడా ఉండకూడదనీ ఆయన చట్టం. ఎవరైనా పైనుంచి ఒక మాట ఎక్కువ మాట్లాడారంటే, దిగాక షెడ్డు చుట్టూ పరుగే. ఆయన గొంతు రేడియోలో వినపడగానే విద్యార్థులకు అరచేతుల్లో చెమట పట్టేది. నిజం చెప్పాలంటే పక్కన కూర్చున్న నాకూ పట్టేది.

ఆ బ్యాచిలో ఒకమ్మాయి ఉండేది. చల్లపల్లి దగ్గర ఒక పల్లెటూరు, రైతు బిడ్డ. రోజూ రెండు బస్సులు మారి వచ్చేది. మాట మెత్తన, చెయ్యి గట్టిది. అప్పటికి కొద్దిసార్లే ఒంటరిగా ఎగిరింది. అది కూడా రన్‌వే చుట్టూ తిరిగి దిగడం వరకే.

ఆ ఏడు సరిగ్గా కోతల మీద తుఫాను పడింది. కోసిన పనలు చేలోనే నీళ్లలో తేలాయి. నూర్చగలిగిన వాళ్లకు ధాన్యం ఆరబోసుకుందామంటే గజం పొడి నేల లేదు. రోడ్ల మీద పోస్తే బస్సులు తొక్కుతున్నాయి. ఒక రోజు ఓ రైతమ్మ తిన్నగా మా ఆఫీసులోకి వచ్చింది. మాకు పక్కనే ఉన్న చేను కౌలుకు చేసే మనిషి. కొంగున కట్టుకొచ్చిన వడ్లు ఇన్‌స్ట్రక్టరుగారి బల్ల మీద గుమ్మరించింది. గింజ గింజకూ తెల్లగా మొలక వచ్చింది.

"మీ రోడ్డు ఊరికే పడుంది కదండీ బాబూ. ఓ నాలుగెండలు ఇప్పించండి" అంది.

ఇన్‌స్ట్రక్టరుగారు ముందు కేకలేశారు. ఇది రోడ్డు కాదన్నారు, పోలీసులను పిలుస్తానన్నారు. ఆవిడ విని విని, మొలకలు బల్ల మీదే వదిలేసి వెళ్లిపోయింది. ఆయన మధ్యాహ్నం భోజనం చేయలేదు. సాయంత్రం నన్నూ ఇంజనీరునూ పిలిచి, "దక్షిణం సగం వాళ్లకి, ఉత్తరం సగం మనకి. మన విమానానికి సగం చాలు" అన్నారు. రైతులకు ఒక్కటే షరతు పెట్టారు. వడ్ల మీద కప్పే బరకాలు ఎగిరిపోకుండా ఇసుక మూటలు పెట్టుకోవాలి తప్ప రాయి అన్నది కనపడకూడదు.

ఇది తప్పే. మీరు చదివిన రూల్సన్నీ మేమూ చదివాం. కానీ ఆ మొలకలు మా బల్ల మీద ఉన్నాయి, రూల్సు బీరువాలో ఉన్నాయి. నాకు మాత్రం ఆ రాత్రి నుంచీ సరిగా కన్ను మూతపడితే ఒట్టు.

వారం రోజులు ఏ గొడవా లేకుండా గడిచింది. అటువైపు రన్‌వే కాస్తా కళ్లమైపోయింది. వడ్లు నెరపడం, కుప్పచేయడం, కబుర్లు, కేకలు. ఇటువైపు మా విమానం లేవడం, దిగడం. రోజూ పొద్దున్నే ఇంజనీరు, నేను మా సగమంతా నడిచి చూసుకునేవాళ్లం. ఆ రోజు కూడా చూశాం. అద్దంలా ఉంది.

మేము వెనక్కి తిరిగాక ఉన్నట్టుండి ఈదురుగాలి లేచింది. రెండు సగాల హద్దు దగ్గర ఎవరి బరకమో లేచిపోతుంటే ఎవరో అందిన రాయి దాని అంచు మీద పెట్టారు. రోడ్ల మీద ఆరబోసుకునే అలవాటు కదా, చేతులు వాటంతటవే చేసి ఉంటాయి. గాలి బరకాన్ని మళ్లీ లేపింది. రాయి దొర్లి మా సగంలోకి వచ్చింది. ఇదంతా మేము తర్వాత కూడదీసుకున్న లెక్క. అప్పుడు నాకు కనపడింది వేరు. హద్దు దగ్గర నుంచి బయల్దేరిన విమానం పరుగెడుతూ పరుగెడుతూ చిన్నగా ఎగిరిపడింది. మరుక్షణం గాల్లోకి లేచింది. లోపల ఆ అమ్మాయి ఒక్కతే ఉంది.

నేను బైనాక్యులర్స్ కళ్లకు పెట్టుకున్నాను. ముందు చక్రం పక్కకు మెలి తిరిగి వేలాడుతోంది.

కాసేపటికి ఇంజనీరు ఒక చేతిలో రాయి, ఇంకో చేతిలో విరిగిన ఇనుప ముక్క పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. "చక్రాన్ని పట్టుకునే చెయ్యి విరిగింది, గురూగారూ. నేల తగిలితే ఆగదు" అన్నాడు. ఆయన చేతిలో స్పానర్ లేకుండా మాట్లాడటం అదే మొదటిసారి చూశాను.

అతని వెనకే ఇన్‌స్ట్రక్టరుగారు వచ్చారు. గన్నవరం విమానాశ్రయానికి పంపేద్దామన్నాను నేను. ఆయన ఉత్తరం వైపు చూపించారు. అటు ముసురు పట్టి మబ్బు చెట్ల మీదికి దిగి ఉంది. ఫోన్లు తుఫాను నాటి నుంచీ మూగబోయాయి. దక్షిణాన సముద్రం మీద నుంచి ఇంకో మబ్బు నల్లగా లేస్తోంది. గాలి కూడా అటు నుంచే తిరిగింది. ఆ వాన మా మీదికి వచ్చేలోపు ఆ అమ్మాయి ఇక్కడే దిగాలి.

"ముక్కు పైకి పట్టుకుని వెనక చక్రాల మీదే పరిగెత్తించాలి. బ్రేకు ముట్టుకోకూడదు. ముట్టుకుంటే ముక్కు నేలకు కొట్టి బోర్లాపడుతుంది" అన్నారు ఇన్‌స్ట్రక్టరుగారు.

"బ్రేకు లేకుండా సగం రన్‌వేలో ఆగుతుందాండీ?" అన్నాను.

ముగ్గురం దక్షిణం వైపు చూశాం. గాలికి ఎదురు దిగాలంటే ఉత్తరం కొసన నేలను తాకి దక్షిణానికి రావాలి. అక్కడ వడ్ల కుప్పలు. వాన మబ్బు చూసి రైతులంతా హడావిడిగా కుప్పలు చేసి, బరకాలు కప్పి, అప్పుడే ఊపిరి పీల్చుకుంటున్నారు. మోకాలెత్తు కుప్పలు రన్‌వేకు అడ్డంగా ఈ చివర నుంచి ఆ చివర దాకా ఉన్నాయి.

"మూటలకెత్తే టైము లేదు. పక్కకు తోసేయాలి" అన్నాడు ఇంజనీరు. పక్కన అంటే రన్‌వే కిందుగా ఉన్న బురద. ఆ మాట అనేసి ఆయన స్కూటరెక్కి పోయాడు.

ఇన్‌స్ట్రక్టరుగారు మైకు నా ముందుకు జరిపారు. "మీరు మాట్లాడండి. నా గొంతు వింటే ఆ పిల్లకు చెయ్యి వణుకుతుంది" అన్నారు. అంత పెద్దమనిషి ఆ మాట తలొంచుకుని చెప్పడం చూసి నాకు ఇంకా భయం వేసింది.

నేను మైకు అందుకున్నాను. ఆ కంగారులో ఇంగ్లీషు చట్టం మర్చిపోయాను.

"అమ్మా, నీ ముందు చక్రం కొంచెం పక్కకు తిరిగినట్టుంది. ఏం ఫర్వాలేదు. పైన అలా చుట్టూ తిరుగుతూ ఉండు."

"సార్, మీరు తెలుగులో చెబుతున్నారంటే పెద్దదే అయ్యుంటుంది" అంది.

నా పక్కన ఇన్‌స్ట్రక్టరుగారు కళ్లు మూసుకున్నారు. ఇక దాచి లాభం లేదనిపించింది. ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. చక్రం పనికిరాదనీ, ఎలా దిగాలో చెబుతామనీ, రన్‌వే ఖాళీ అయ్యేదాకా ఆగమనీ చెప్పాను. "సరే సార్" అంది. ఆ రెండు మాటల్లో గొంతు ఒక్కచోట చీలింది.

అటువైపు ఇంజనీరు స్కూటర్ దిగి చేతులు తిప్పుతూ ఏదో చెబుతున్నాడు. రైతులు కదలడం లేదు. నేను వాళ్లను తప్పుపట్టలేను. ఆర్నెల్ల కష్టం, అందులో తుఫాను తిని మిగిల్చింది ఆ కుప్పలే. అక్కడ ఏం మాటలు జరిగాయో ఆయన తర్వాత పూసగుచ్చినట్టు చెప్పాడు.

"అందులో ఉన్నదెవరు సాయిబుగారూ?" అని అడిగిందట రైతమ్మ.

"ఒకమ్మాయి. ఒక్కతే ఉంది."

"ఒక్కదాన్నే ఎందుకు పంపారయ్యా? ఎవరి పిల్ల?"

"చల్లపల్లి దగ్గర. రైతులేనమ్మా, మీలాగే."

ఆవిడ ఆకాశం వైపు ఒకసారి చూసిందట. మబ్బు వైపు ఒకసారి చూసిందట. "మీ రోడ్డు తగలడిపోనూ! మీ ఇమానం తగలడిపోనూ!" అని తిట్టుకుంటూ తన బరకం తనే లాగేసి, వడ్లు నెరిపే చెక్క తీసుకుని కుప్పను బురదలోకి తోయడం మొదలుపెట్టింది. "చూస్తారేంట్రా, తొయ్యండి! ఏడుపు తర్వాత ఏడుద్దాం!" అని మిగతావాళ్లనూ తిట్టింది. తిట్లు ఆపకుండానే తోసిందట, చివరి కుప్ప దాకా.

ఆ తిట్లు నాకు వినపడలేదు. బైనాక్యులర్స్‌లో వంగిన నడుములు, ఎగిరిపోతున్న బరకాలు, బంగారు రంగు నుంచి బురద రంగుకు జారిపోతున్న ధాన్యం కనపడ్డాయి. అంతలో రేడియో గరగరమంది.

"సార్! వాళ్లు వడ్లు తోసేస్తున్నారు సార్! వద్దని చెప్పండి. వాన వస్తోంది, తడిసిపోతాయి!"

పైన చక్రం విరిగి తిరుగుతున్న పిల్ల కింద వడ్ల గురించి అరుస్తోంది. ఇన్‌స్ట్రక్టరుగారు నా చెవి దగ్గర పళ్లు బిగించి, "నోర్మూసుకుని దిగమనండి!" అన్నారు.

"వాటి సంగతి వాళ్లు చూసుకుంటారు. నువ్వు దిగడం మీద మనసు పెట్టమ్మా అంటున్నారు సార్" అన్నాను నేను.

అక్కడి నుంచి ఆయన చెవిలో గర్జించడం, నేను దాన్ని మెత్తగా చేసి పైకి పంపడం. "ముక్కు దించావో, చంపేస్తానని చెప్పండి" అంటే "వీలైనంతసేపు ముక్కు పైకే పట్టుకోమ్మా" అన్నాను. "ఇంజను ఆపడం మర్చిపోతే ఇక ఈ గడప తొక్కొద్దనండి" అంటే "నేల తగలగానే ఇంజను ఆపేయాలి, గుర్తుందిగా తల్లీ" అన్నాను. బల్ల కింద నా మోకాళ్లు ఒకదానికొకటి కొట్టుకుంటున్నాయి. నా కంగారంతా అక్కడికి దిగిపోయి, గొంతును మాత్రం వదిలేసింది. ఆ దయ ఎవరిదో నాకిప్పటికీ తెలీదు.

మబ్బు మాకు ఒక చేను దూరంలోకి వచ్చేసింది. ఇంజనీరు దూరం నుంచి రెండు చేతులూ పైకెత్తి ఊపాడు. రన్‌వే ఖాళీ.

"రా అమ్మా" అన్నాను.

ఉత్తరం కొసన విమానం కిందికి వచ్చింది. గాలికి ఒక రెక్క వాలింది, మళ్లీ సర్దుకుంది. వెనక చక్రాలు రెండూ నేలను తాకాయి. ముక్కు పైకే ఉంది. ఇంజను చప్పుడు ఆగిపోయింది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేకుండా ఆ విమానం పరుగెత్తుతూనే ఉంది. మా సగం అయిపోయింది. హద్దు దాటింది. అప్పటిదాకా కుప్పలున్న చోటు మీదుగా, మిగిలిన గింజలను చిమ్ముకుంటూ వెళ్లింది. వేగం తగ్గింది, ముక్కు మెల్లగా వాలింది, వాలింది, నేలను గీకింది. నిప్పురవ్వలు లేచాయి. విమానం అడ్డం తిరిగి ఆగిపోయింది. అది ఆగింది దక్షిణం సగానికి నడిమధ్యన.

మేము మెట్లు ఎలా దిగామో గుర్తులేదు. నిప్పులార్పే సిలిండర్లున్న జీపు మాకంటే ముందు వెళ్లింది. మేము చేరేసరికి వాన మొదలైంది. తలుపు తెరుచుకుని ఆ అమ్మాయి తనంతట తనే దిగింది. నుదుటి మీద చిన్న దెబ్బ తప్ప ఏమీ కాలేదు. ఇన్‌స్ట్రక్టరుగారు ఆమె ఎదురుగా నిలబడ్డారు. ఆ అమ్మాయి ఆయన్ను చూడలేదు. బురదలో పడున్న ధాన్యం వైపు చూస్తోంది.

"ఎవరివి సార్ ఈ వడ్లు?" అంది.

రైతమ్మ ముందుకొచ్చింది. ఆ పిల్లను ఎగాదిగా చూసింది. "నావే. దిగావుగా? అడ్డం లే, తడిసిపోతన్నాయి" అంది.

ఆ అమ్మాయి వంగి రెండు చేతులతో వడ్లు ఎత్తి బరకంలో వేయడం మొదలుపెట్టింది. ఆ వెంటనే ఇంజనీరు, నేను, జీపు డ్రైవరు. ఇస్త్రీ చొక్కా మోచేతుల దాకా మడిచి ఇన్‌స్ట్రక్టరుగారు కూడా. జోరువానలో విమానాన్ని అలాగే వదిలేసి అందరం బురదలో వడ్లు ఎత్తాం. ఎత్తగలిగింది ఎత్తాం. మిగిలింది నేలలోకి తొక్కుకుపోయింది. మధ్యలో ఎప్పుడో ఆ అమ్మాయి ఏడ్చింది. చక్రం కోసం ఏడ్చిందో, వడ్ల కోసం ఏడ్చిందో నేనడగలేదు. రైతమ్మ మాత్రం తిడుతూనే ఉంది.

రాయి ఎవరు పెట్టారని మాలో ఎవరూ అడగలేదు. రైతులూ ఒకరినొకరు అడగలేదు. ఇంజనీరు దాన్ని తీసుకెళ్లి షెడ్డులో తన పనిబల్ల మీద అందరికీ కనపడేలా పెట్టాడు. అది చాలా ఏళ్లు అక్కడే ఉంది.

నెల తిరక్కుండానే విచారణకు పైనుంచి ఒక అధికారి వచ్చారు. వడ్ల మాట బయటపడితే మా ముగ్గురి ఉద్యోగాలూ పోతాయనీ, తమ మీద కేసులు పడతాయనీ, ఆ మాట చెప్పొద్దని రైతులు ముందురోజే వచ్చి ఇన్‌స్ట్రక్టరుగారిని బతిమాలారు. ఆయన కూడా ఊరుకుంటానన్నారు. అధికారి రన్‌వే అంతా నడిచారు. దక్షిణం సగంలోకి రాగానే ఆగిపోయారు. రెండు అంచుల వెంబడీ ఆకుపచ్చని నారు జానెడెత్తు లేచి ఉంది.

"ఇక్కడ నారు పోసిందెవరండీ?" అని అడిగారు.

ఇన్‌స్ట్రక్టరుగారు మొదటి నుంచి చివరిదాకా మొత్తం చెప్పేశారు. అబద్ధమాడటం ఆయనకు చేతకాదు, అదే ఆయనతో వచ్చిన చిక్కు. అధికారి అంతా విని, చాలాసేపు ఆ నారునే చూస్తూ నిలబడ్డారు.

"ముందు దీన్ని పీకించండి. కంచె వేయించండి. ఇంకెప్పుడూ ఈ పని చేయకండి" అని జీపెక్కారు. ఇన్‌స్ట్రక్టరుగారికి గట్టి మందలింపు వచ్చింది, అంతటితో సరిపోయింది. అంత తేలిగ్గా ఎందుకు పోయిందో నాకు తెలీదు. వారిది కూడా డెల్టా యాసే అనిపించింది, అంతే.

పీకడానికి కూలీలను పిలుద్దామనుకుంటుండగానే రైతమ్మ వచ్చింది. "ఎవరూ చెయ్యి పెట్టొద్దు. అది నా నారు" అని, చీర ఎగదోపి, రన్‌వే అంచున వంగింది. ఆ అమ్మాయి కూడా పక్కన వంగింది. మధ్యాహ్నానికి నారంతా కట్టలు కట్టేశారు. "దాళ్వాకి నారు కొనక్కర్లేదు. మీ నేల మంచిదే బాబూ, మీరే ఊరికే పాడుచేస్తన్నారు" అని ఇన్‌స్ట్రక్టరుగారికి ఒక చురక అంటించి, కట్టలు నెత్తిన పెట్టుకుని వెళ్లింది. రన్‌వే పక్కనున్న తన మడిలోనే నాటింది.

విమానం బాగై వచ్చేసరికి కంచె లేచింది, రెండో పంట దాళ్వా చేలు పచ్చబడ్డాయి. ఆ అమ్మాయి మళ్లీ ఒంటరిగా ఎగిరిన రోజు నేను రేడియో ముందు ఉన్నాను. ఇన్‌స్ట్రక్టరుగారు నా పక్కన నిలబడ్డారు. విమానం లేచింది, మలుపు తిరిగింది. మలుపు దగ్గర ఇంగ్లీషులో రెండు మాటలు చెప్పాలి. అవి చెప్పింది. చెప్పాక, "సార్, మన నారు నాటిన మడి బాగా తిరుక్కుంది, పచ్చగా ఉంది" అంది తెలుగులో.

నేను ఇన్‌స్ట్రక్టరుగారి వైపు చూశాను. దిగాక ఈ పిల్లకు షెడ్డు చుట్టూ పరుగు తప్పదనుకున్నాను. ఆయన వంగి, నా చేతిలోంచి మైకు తీసుకున్నారు.

"మడిలో నీళ్లున్నాయా?" అని అడిగారు.

"నిండుగా ఉన్నాయి సార్."